అప్పులేని అలంకారము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. ఈ కాలమున ఆ సామెతకు మూడవ మాట యొకటి చేర్చవలసియున్నది: ఇల్లు అలంకరించి చూడు! కట్టుటకైన అప్పు తీరకమునుపే అలంకరణకై మఱొక అప్పును తలకెత్తుకొను గృహస్థులు మన పట్టణముల పొలిమేరలందు నానాటికి పెరుగుచున్నారు. పెండ్లియప్పు గూర్చి మన సంఘసంస్కర్తలు ఎన్నియో యుపన్యాసము లిచ్చియున్నారు. గోడలకును పైకప్పునకును చేయు అప్పును గూర్చి మాటలాడువారు అరుదు. అది చిన్న విషయమని తోచుటయే దీనికి కారణము. మాకది చిన్న విషయముగా తోచలేదు.

ఈ విషయమున రెండు అభిప్రాయములు ప్రబలియున్నవి. బీదవానికి అలంకార మెందుకు, తలదాచుకొన నీడయున్న చాలదా యనువారు కొందఱు. అలంకారము కావలెనన్న పైకము చెల్లింపుడు, పైకము లేకున్న వాయిదాలపై తీసికొనుడు అనువారు మఱికొందఱు. మొదటివారు బీదవాని మనస్సును అవమానించుచున్నారు; రెండవవారు వాని రేపటి కూలిని నేడే పుచ్చుకొనుచున్నారు. చూచుటకు పరస్పర విరుద్ధములైనను ఈ రెండు మాటలును ఒకే పొరపాటునుండి పుట్టినవి. సౌందర్యము అంగడిలో కొనదగిన వస్తువని యిరువురును నమ్మియున్నారు. అందుచేతనే ఒకరు కొనలేనివానికి అది వలదనుచున్నారు. మఱియొకరు అప్పుచేసియైన కొనుమనుచున్నారు. ఈ నమ్మకమునే మేము ప్రశ్నింపదలచితిమి.

మేడ్చల్ ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లానుండి విడివడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. సికింద్రాబాదునుండి ఉత్తరముగా సాగు 44వ జాతీయ రహదారి కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరును. కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి షామీర్‌పేట మీదుగా సాగును. ఈ రెండు దారుల నడుమ ఒకప్పుడు ద్రాక్షపందిళ్లును, వరిమడులును, కూరగాయల పాదులును కన్నులపండువుగా నుండెడివి. నేడు వానిలో చాలభాగము గజముల లెక్కన కొలువబడి యిండ్లస్థలములైనది. జీడిమెట్ల, మేడ్చల్ పారిశ్రామికవాడలలోను, గుండ్లపోచంపల్లి దుస్తుల కర్మాగారములలోను, తుర్కపల్లి దిక్కుననున్న ఔషధ పరిశ్రమలలోను పనిచేయు వేలాది కుటుంబములు ఈ ప్రాంతమును తమ యిల్లుగా చేసికొన్నవి.

ఇట్టివారిలో ప్రభుత్వ గృహములు పొందినవారును కలరు. 2015లో నాటి రాష్ట్రప్రభుత్వ మారంభించిన రెండు పడకగదుల యిండ్ల పథకము క్రింద ఈ జిల్లాలోని అహ్మద్‌గూడ, రాంపల్లి, దుండిగల్, ప్రతాపసింగారము మొదలగుచోట్ల పెద్ద పెద్ద గృహసముదాయములు లేచినవి. ఒక్కొక్క యింటి విస్తీర్ణము 560 చదరపు అడుగులు. 2023 సెప్టెంబరు మాసమున హైదరాబాదు నగర బీదలకు ఇట్టి యిండ్లు వేలసంఖ్యలో పంచిపెట్టిరి. పిదప 2024 మార్చిలో భద్రాచలమున ఆరంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము స్వంతస్థలము గలవారికి ఐదులక్షల రూపాయల సాయమును నిర్ణయించినది. ఆ యిల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదని నియమము. ఈ పథకముల గుణదోషములు నేటి మా చర్చనీయాంశము కాదు. మేము చెప్పదలచిన దొక్కటే. గోడ, కప్పు, తలుపు, కొళాయి వఱకు ప్రభుత్వపు లెక్క సాగును. ఆ పిదప మిగులునది బోసిగోడల గది. దానిని ఇల్లుగా మార్చు భారము గృహస్థునిదే, గృహిణిదే.

ఆ బోసిగోడల యెదుట నిలుచున్న కుటుంబమునకు మొదట వినవచ్చు కంఠమెవరిది? వర్తకునిది. రహదారి పొడవునను పలకలపై బొమ్మలు, చేతిలోని ఫోనునందు బొమ్మలు. ఆ బొమ్మలలోని గది ఎవరిదో తెలియదు. అందులో వంటచేసిన పొగలేదు, పిల్లలు వ్రాసిన గీతలు లేవు, ఆరవేసిన బట్టలు లేవు. మనుష్యులు నివసింపని ఆ గదిని చూచి మనుష్యులు నివసించు గది సిగ్గుపడవలసి వచ్చుచున్నది. గృహప్రవేశమునాడు బంధువు లేమందురోయను భయము దానికి తోడగును. ఇట్లు సిగ్గును భయమును కలిసి అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయించును.

లెక్క చూతము. ఒక గృహస్థుడు అలంకరణకై లక్షరూపాయలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాడనుకొందము. నెలకు మూడువేలు, ఏడాదికి ముప్పదియాఱువేలు వడ్డీయే యగును. మూడేండ్లు గడచునప్పటికి లక్షయెనిమిదివేలు వడ్డీ క్రింద చెల్లించియు అసలు లక్ష అట్లే మిగిలియుండును. ఆ మూడేండ్లలో గోడపై నంటించిన కాగితము తేమకు లేచును; చౌకపలకతో చేసిన అలమార తలుపు నీటికి ఉబ్బును. అలంకారము పోవును, అప్పు నిలుచును. ఆ మూడువేలు పిల్లవాని చదువునకో, ముసలితల్లి మందులకో ప్రతినెలయు తగ్గుచున్నదని గుర్తించిననాడు ఆ గది యెంత మెఱసినను కంటికి చల్లగా కనబడగలదా?

మారుకప్పు సంగతియే చూడుడు. దీనినే ఫాల్స్ సీలింగు అనుచున్నారు. పెద్దపెద్ద కార్యాలయములలో గాలిగొట్టములను, తీగలను, నీటిగొట్టములను కనబడకుండ చేయుటకు అది యుపయోగపడును. దాచుటకు గొట్టములు లేని చిన్నగదిలో అది చేయు పనియేమి? గది యెత్తును తగ్గించును. పంకా క్రిందికి దిగును. సందులలో దుమ్ము చేరును. పైనుండి నీరు కారినచో ఆ సంగతి మరక పడువఱకు తెలియదు. ఎత్తైన కప్పు చిన్నయింటికి ప్రకృతి యిచ్చిన ఐశ్వర్యము. డబ్బిచ్చి దానిని తగ్గించుకొనుట వివేకమా?

మన పల్లెయిల్లు ఎట్లు అలంకరింపబడుచుండెడిదో ఈ తరమువారు కొంత తెలిసికొనవలెను. తెలంగాణపు పల్లెలలో మట్టిగోడకు సున్నము కొట్టి, అడుగుభాగమున జాజుతో ఎఱ్ఱని పట్టె తీర్చెడివారు. జాజనగా ఇనుము గలిసిన ఎఱ్ఱమన్ను, ఎండకు వెలవెలబోవదు. అరుగునకు జాజు, అంచునకు సున్నపు చుక్కలు. కడపకు పసుపు, కుంకుమ. దర్వాజకు మామిడాకుల తోరణము. గోడలో దీపమునకొక గూడు. వాకిట అలుకు, అలుకుపై ముగ్గు. పెండ్లియైన యింట కుమ్మరి యింటినుండి రంగులద్దిన ఐరేని కుండలు వచ్చెడివి. ముస్లిము సోదరుల యిండ్లలో తెల్లసున్నపు గోడపై ఆకుపచ్చని తలుపు, ముంగిట నొక కుండీలో గులాబియో మల్లెయో కానవచ్చెడిది. లంబాడా తండాలలో అద్దములు పొదిగి కుట్టిన బట్ట గోడలకును సంచులకును సొంపు తెచ్చెడిది. వీరిలో నెవరును అలంకరణకై సాహుకారు గుమ్మమెక్కినట్లు మేము వినలేదు.

ఐనను పాతయింటిని స్వర్గముగా చిత్రించుట మా యుద్దేశముకాదు. ఆ యింట పొగయుండెను, చీకటియుండెను, వానకు కారు కప్పుండెను. ఆ యలంకారమంతయు కోడికూయకముందు లేచిన స్త్రీ నడుము వంచి చేసిన పనియే. దానిని పుణ్యమని పొగడి మగవాడు మంచముపై పరుండుచుండెను. నేడు కర్మాగారమున పగలంతయు నిలుచుండి పనిచేసి రాత్రి యిల్లుచేరు తల్లికి, నీవు తెల్లవారుజామున లేచి గోడలు తీర్చుము, మన సంస్కృతిని కాపాడుమని ఉపదేశించుట క్రూరత్వము. కావున మా మొదటి మాట యిది: ఇంటి యలంకారము ఇంటివారందఱి పని. సున్నపు కుంచె పట్టుటకు మగవానికి సిగ్గెందుకు? సెలవునాడు తండ్రి గోడ గీకినచో, కుమారుడు మెట్లు కడిగినచో, ఇంటికి కలుగు శోభ గోడలమీది శోభను మించియుండును.

రెండవ మాట ఇంకను ముఖ్యమైనది. ఆ పాత యలంకారమునకు ధరలేదని కొందఱందురు. అది సగము నిజము. ధర యుండెను, కాని దానిని ఊరు ఉమ్మడిగా భరించుచుండెను. జాజు ఊరిగుట్టది. కుమ్మరి మట్టి ఊరిచెరువుది. మామిడాకు తోపుది. తంగేడు బీడుది, గునుగు చేనిగట్టుది. మేదరికి వెదురు, గొల్లకు మేత, పిల్లలకు పూలు అన్నియు ఎవరికిని ప్రత్యేకముగా చెందని నేలనుండియే వచ్చుచుండెను. బతుకమ్మను చూడుడు. ఒక జాతి తన పెద్దపండుగకు బంగారముగాని పట్టుగాని కోరక, బీళ్లలోను చెరువుకట్టలపైనను తనంతట మొలచిన పూవులను వరుసలుగా పేర్చి దేవతగా నిలుపుకొన్నది. ఇంతకంటె చవుకయైన అలంకారము, ఇంతకంటె గొప్ప అలంకారము ప్రపంచమున ఎన్నిచోట్ల కలదు? 2014లో బతుకమ్మను రాష్ట్రపండుగగాను, తంగేడును రాష్ట్రపుష్పముగాను ప్రభుత్వము ప్రకటించినది. మిక్కిలి సంతోషము. కాని తంగేడు మొలచుటకు నేల కావలెను గదా! బీళ్లు ప్లాట్లయినవి, చేనిగట్లు ప్రహరీగోడలైనవి. నేడు పండుగనాడు నగరమునందు గునుగును తంగేడును కట్టలు కట్టి అమ్ముచున్నారు, జనులు కొనుచున్నారు. ఉమ్మడినేల తరిగిన కొలదియు బీదవాని సౌందర్యము సరకుగా మారుచున్నది. బీదవానికి అభిరుచి తగ్గి అంగడికి పోవుటలేదు. పూవు దొరకుచోటు పోయినందున పోవుచున్నాడు. అందుచేత తక్కువ ఖర్చుతో ఇంటిని తీర్చుకొనుట కేవలము గృహస్థుని నేర్పునకు సంబంధించిన విషయము కాదు. అది ఊరి విషయము, రాజ్య విషయము.

ఈ మాట విని, గుట్టయు లేదు, బీడును లేదు, మూడవ అంతస్తులో సిమెంటుగదిలో నున్నవారము, మేమేమి చేయగలమని పాఠకులడుగవచ్చును. చేయదగినవి పెక్కులు కలవు. కొన్నింటిని చెప్పెదము.

అలంకారమునకు మొదటి మెట్టు తెచ్చుట కాదు, తీసివేయుట. వాడని డబ్బాలు, విఱిగిన కుర్చీలు, పనిచేయని యంత్రములు మంచము క్రిందను బీరువాపైనను పేరుకొనియున్న యింట ఎంతటి చిత్తరువు వ్రేలాడదీసినను శోభ రాదు. 560 అడుగుల యింట ఒక మూల ఖాళీ యగుట యనగా ఒక చిన్నగది సంపాదించుటయే. కిటికీకి అడ్డముగా నున్న బీరువాను ప్రక్కకు జరిపినచో వచ్చు వెలుగునకు ఎవరును రుసుము పుచ్చుకొనరు.

రెండవది సున్నము. రంగులన్నిటిలో చవుకయైనది, మన వాతావరణమునకు తగినది. సున్నపునీరు గోడపై నారుచు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయివలె గట్టిపడును. అది తేమను లోపల బంధింపక బయటికి పోనిచ్చును. కొంచెము నీలిమందు కలిపిన తెల్లదనము హెచ్చును. పొడిసున్నమును నీట వేసినపుడు అది సలసల కాగును గనుక పిల్లలను దూరముగ నుంచి, కన్నులను కాపాడుకొనవలెను. సిమెంటు పూతపై అది చక్కగా పట్టును. నూనెరంగుపైనను ప్లాస్టికురంగుపైనను నిలువదు, గీకివేసిన పిదపనే పూయవలెను. పై అంతస్తువారు అందఱును కలిసి మేడపై తెల్లసున్నము పూసినచో ఎండలో కొంత వెనుకకు మఱలి క్రింది గదికి వేడి తగ్గును. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినదియు ఈ సూత్రముపైననే.

నాలుగు గోడలకును నాలుగు రంగులు వేయనక్కఱలేదు. మూడు తెల్లగా నుంచి, తలుపున కెదురుగా నున్న గోడ అడుగున జాజురంగు పట్టె యొకటి తీర్చినచో చాలును. ఆ పట్టెపై సున్నముతో పిల్లలచేత ముగ్గు వేయింపవచ్చును. రంగు కొనువారికి ఒక హెచ్చరిక. ఇండ్లలో వాడు రంగులయందు సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. అది 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. సీసము పసిపిల్లల మెదడునకు చేటు. కావున పేరు, ఊరు లేని డబ్బాలోని రంగు ఎంత చవుకయైనను కొనరాదు. చవుక యనునది ఆరోగ్యమును హరించునపుడు అంతకంటె ఖరీదైనది మఱొకటి లేదు.

మూడవది బట్ట. బొంత కుట్టని తెలంగాణపు అవ్వ కలదా? చిరిగిన చీరలను పొరలు పొరలుగా పఱచి దారముతో చాళ్లుచాళ్లుగా కుట్టిన బొంత చలికి కప్పుకొనుటకే గాక, గోడకు వ్రేలాడదీయుటకును, దివానుపై పఱచుటకును, వాకిలికి తెరగా కట్టుటకును తగును. అందులో తల్లి పెండ్లిచీర అంచు, అక్క లంగాముక్క, తమ్ముని చొక్కాజేబు ఒకచోట చేరును. అట్టి చరిత్ర అంగడిలోని తెరకు ఎచటిది? దర్జీల దుకాణములలో మిగులు గుడ్డపీలికలు కుప్పలుగా పోవుచుండును. అడిగినవారికి అవి దొరకును. అద్దెయింటివారికి ఈ బట్టపని ప్రత్యేకముగా అనుకూలము. గోడకు మేకు కొట్టనక్కఱలేదు. ఇల్లు మారిననాడు మడిచి వెంట తీసికొనిపోవచ్చును.

నాలుగవది మేదరిపని, కుమ్మరిపని. ఒక వెదురుబుట్టను బోర్లించి దీపమునకు తొడుగుగా వ్రేలాడదీసినచో రాత్రి గోడలపై పడు నీడలే చిత్తరువులగును. నేటి ఎల్.ఇ.డి. దీపములు పాత దీపములవలె వేడెక్కవు గనుక ఇది సాధ్యమగుచున్నది. వేడెక్కు పాత బల్బులకు మాత్రము ఈ పని తగదు. చిల్లిపడిన కుండ తులసికి కోట యగును. పగిలిన బకెట్టు కరివేపచెట్టునకు పాదగును. మొక్క యలంకారమునకు అలంకారము, కూరకు కూర. చెక్కసామాను కావలసినవారు హైదరాబాదునందలి జుమేరాత్ బజారు, ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంత వంటిచోట్ల పాతవస్తువులను వెదకవచ్చును. గట్టికఱ్ఱతో చేసిన పాతబల్ల ఉప్పుకాగితముతో రుద్ది నూనె పట్టించినచో క్రొత్త చౌకబల్లకంటె ఎక్కువ కాలము సేవచేయును.

ఐదవది, మా దృష్టిలో అన్నిటికంటె మిన్నయైనది: గోడపై నొకచోటును పిల్లలకు విడిచిపెట్టుట. వారు గీసిన బొమ్మలు అందు నిలువవలెను. దాని క్రింద నొక చిన్న బల్లపై పదిపుస్తకము లుండవలెను. వచ్చిన చుట్టము ముందుగా చూచునది అదియే యగునట్లు అమర్పవలెను. పుస్తకముల వరుస కంటె అందమైన గోడ పట్టెను మేమింతవఱకు చూడలేదు.

ఇవి యన్నియు లేనివాని సర్దుబాట్లని చులకన చేయువారికి చరిత్రనుండి ఒక సంగతి జ్ఞాపకము చేసెదము. 1938 ఫిబ్రవరిలో గుజరాతునందలి హరిపురయను పల్లెలో సుభాసచంద్రబోసు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినది. ఆ సభానగరమును పల్లెలలో దొరకు వస్తువులతోనే తీర్చవలెనని గాంధీమహాత్ముడు కోరినాడు. శాంతినికేతనపు చిత్రాచార్యుడు నందలాల్ బోసు ఆ భారమును వహించి, చేతికాగితముపై మట్టిరంగులతో డోలు వాయించువానిని, కుండలు చేయువానిని, దంపుడు దంచు స్త్రీలను చిత్రించి దారిపొడవునను నిలిపినాడు. రైతులు నడచుచు చూచుటకు వేసిన ఆ చౌకచిత్రములు నేడు దేశపు కళానిధులలో లెక్కింపబడుచున్నవి. సేవాగ్రామమున గాంధీజీ నివసించిన మట్టికుటీరపు గోడపై మీరాబెన్ తాటిచెట్ల రూపములను మట్టితోనే ఎత్తుగా తీర్చినది. ఆ గోడయే కాన్వాసు, ఆ మన్నే రంగు. మన తెలుగునాట 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయ కళాశాల చదువుతోబాటు చేతిపనిని నేర్పుటయందును ఈ భావమే కలదు. లేమి కళకు శత్రువు కాదు. తన చేతిపై తనకు నమ్మకము లేకపోవుటయే కళకు శత్రువు.

ఇచట నొక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఇంగ్లండునందు పందొమ్మిదవ శతాబ్దమున విలియం మారిస్ అను మహాశయుడు చేతిపని సౌందర్యము శ్రామికుల యిండ్లకు చేరవలెనని జీవితమంతయు వాదించినాడు. కాని ఆయన సంస్థ చేసిన వస్తువులను కొనగలిగినవారు చాలవఱకు ధనికులే యైరి. మన చేర్యాల చిత్రపటములకును, నిర్మల్ బొమ్మలకును అట్టి గతియే పట్టకుండవలెను. కళాకారునికి తగిన కూలి ముట్టవలెను. అది తగ్గించి బీదయింటికి చేర్చుట మఱొక బీదయింటిని కూల్చుటయే. కావున మార్గమేమి? యింటినిండ కళాఖండములు కొనుట కాదు. యేడాదికొక చిన్నవస్తువును, చేసినవానిచేతినుండి, న్యాయమైన ధరకు కొనుట. మిగిలినది మన చేతులతో చేసికొనుట. ఒక చేర్యాల ముసుగుబొమ్మ ఒక గోడకు చాలును.

ఇక పాలకులకు మా విజ్ఞాపనము. గృహసముదాయములు కట్టునపుడు మెట్ల కొలతయు, గొట్టముల కొలతయు చూచినట్లే, ముగ్గునకొక జాగా, బతుకమ్మ యాటకొక చదును, పూలమొక్కలకొక పట్టె విడువవలెను. తంగేడుకు ఎక్కువ నీరు వలదు, పోషణ వలదు. రహదారుల ప్రక్కలను, చెరువుకట్టలపైనను పరదేశపు అలంకారపు మొక్కలకు మాఱుగా దానిని నాటినచో ఖర్చును తగ్గును, పండుగకు పూవును దొరకును. షామీర్‌పేట చెరువును, ఇతర గ్రామముల చెరువులును తమ హద్దులలో నిలువవలెను. చెరువు చచ్చిన ఊరిలో కుమ్మరిచక్రము తిరుగదు. వారమున కొకనాడు ఈ సముదాయముల ముంగిట మేదరులకును, కుమ్మరులకును, బట్టపని స్త్రీలకును రుసుములేని సంత యేర్పరచినచో అమ్మువారికి జీవనము, కొనువారికి చవుక. మెట్లగోడలను పాఠశాల పిల్లలకు అప్పగించినచో ఉమ్మి మరకలు తమంతట మాయమగును. తమ పిల్లలు వేసిన బొమ్మపై ఉమ్మివేయు మనుష్యుడు మన దేశమున పుట్టలేదు. ఇందులో ఏదియు కోట్ల పని కాదు. బీదవానికి సౌందర్యము అనవసరమను ఆలోచనను విడిచినచో చాలును.

గృహప్రవేశమునకు పోవు బంధుమిత్రులకును మాదొక మనవి. గడప దాటినతోడనే పైకప్పు వంకను, వంటగది తలుపుల వంకను చూచి, ఇంకను ఏమియు చేయింపలేదా యని యడుగు అలవాటు మనలో పెరిగినది. ఆ యొక్క ప్రశ్న ఎన్ని కుటుంబములను అప్పులపాలు చేసినదో అడిగినవారికి తెలియదు. దానికి బదులు ఈ గోడకు సున్నము ఎవరు కొట్టినారు, ఈ బొంత ఎవరు కుట్టినారు, ఈ బొమ్మ ఏ పిల్లవాడు గీసినాడని యడుగుడు. చేసినవారి పేరు చెప్పుచు గృహస్థుడు తలయెత్తును. కానుక తీసికొనిపోదలచినచో పింగాణి బొమ్మకు బదులు ఒక మల్లెయంటును, ఒక పుస్తకమును తీసికొనిపొండు. ఈ చిన్న మార్పు చట్టము చేయలేనిది, ధనము చేయలేనిది. బంధువులు మాత్రమే చేయగలరు.

మనవారు స్వదేశివ్రతమును బట్టతో నారంభించిరి. తన నూలును తాను వడికినవాడు పరాధీనుడు కాడని నాడు నేర్చితిమి. తన గోడను తాను తీర్చుకొన్నవాడును అట్టివాడే. ఏది అందమో చెప్పు అధికారమును వర్తకుని చేతికిచ్చిననాడు, మన యింట మనము అతిథులమగుదుము. మేడ్చల్ ప్రాంతపు క్రొత్తయిండ్లలో చేరుచున్న సోదర సోదరీమణులు ఈ సంగతిని గుర్తింతురుగాక. వారి గోడలు తెల్లగాను, వారి కడపలు పచ్చగాను, వారి లెక్కపుస్తకములు శుభ్రముగాను ఉండుగాక. వాయిదా కట్టనక్కఱలేని గదిలో నిద్రించువాని యింటికంటె అందమైన యిల్లు లేదని మేము నమ్ముచున్నాము.